ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో సీటు వచ్చాక

కర్నూలులోనో కడపలోనో జీవశాస్త్రాలతో బీఎస్సీ ముగించి, పరిశోధన చేయాలనుకునే విద్యార్థికి రెండు దారులున్నాయి. మొదటిది మన ఊళ్లకు బాగా తెలిసినదే. యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో, తిరుపతి వెళ్లో రెండేళ్లు ఎమ్మెస్సీ చదివి, ఆ తర్వాత నెట్ గానీ ఏపీఆర్‌సెట్ గానీ రాసి పీహెచ్‌డీలో చేరడం. రెండోది ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ. డిగ్రీ కాగానే ఒకే ప్రవేశ పరీక్షతో చేరి, ఎమ్మెస్సీ స్థాయి చదువు, పరిశోధన, థీసిస్ అన్నీ ఒకేచోట పూర్తిచేయడం. బెంగళూరులోని ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, జేఎన్‌సీఏఎస్ఆర్ లాంటి సంస్థలు జీవశాస్త్రాల్లో ఇలా చేర్చుకుంటాయి. ఐఐఎస్సీకి జామ్ రాయాలి, ఎన్‌సీబీఎస్‌కు టీఐఎఫ్‌ఆర్ వాళ్లు పెట్టే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఈ రెండో దారి గురించి మన దగ్గర ఒక అపోహ గట్టిగా ఉంది. సీటు వచ్చిందంటే డాక్టరేట్ వచ్చినట్టే, ఇక ఏళ్లు గడవడమే మిగిలిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. వచ్చింది చేరే అవకాశం మాత్రమే. ఒక దశ నుంచి తర్వాతి దశకు వెళ్లాలంటే ప్రతిసారీ అర్హత చూపించాలి. ఆ దశలేమిటో, ఎక్కడ ఆగిపోతే చేతికి ఏ పట్టా వస్తుందో చేరకముందే తెలుసుకోవాలి. ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి ఇంత చదువు చదివేవాళ్లు.

మొదటి రెండేళ్లు కోర్సువర్క్. తరగతులు, పరీక్షలు, క్రెడిట్లు ఉంటాయి. పైకి ఎమ్మెస్సీలాగే కనిపించినా ఒక తేడా ఉంది. మన డిగ్రీ కళాశాలల్లో ఒక పేపర్ పోతే సప్లిమెంటరీలో కట్టేద్దాం అనుకోవడం మామూలు. ఇక్కడ నిర్ణీత గ్రేడు సగటు లేకపోతే పీహెచ్‌డీ దశకే పంపరు. పేపర్లన్నీ పాసై కూడా సగటు తక్కువై ఆగిపోవచ్చు. ఆ సగటు ఎంతో సంస్థను బట్టి మారుతుంది కాబట్టి చేరే సంస్థ నిబంధనల పుస్తకంలోనే చూసుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో మామూలు పీహెచ్‌డీకైతే యూజీసీ 2022 నవంబరులో తెచ్చిన నిబంధనలు ఒక కొలత పెట్టాయి. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో కనీసం 55 శాతం మార్కులు వస్తేనే పరిశోధన కొనసాగించి థీసిస్ ఇవ్వడానికి అర్హత. ఐఐటీలు, ఐసర్ల లాంటివి సొంత చట్టాల కింద నడుస్తాయి కాబట్టి వాటి అంకెలు వేరుగా ఉండొచ్చు.

ఈ కాలంలోనే ల్యాబ్ రొటేషన్లు జరుగుతాయి. ఒక్కో ల్యాబ్‌లో కొన్ని వారాలో నెలలో పనిచేసి, చివరికి ఒక గైడ్‌ను ఎంచుకోవాలి. ఎంపిక రెండు వైపుల నుంచీ జరుగుతుంది, గైడ్ కూడా ఒప్పుకోవాలి. గైడ్ పేరుతో పాటు ఆయనకు ఇంకా ఎన్నేళ్ల సర్వీసు ఉందో కూడా చూడాలి. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్న అధ్యాపకులు కొత్త విద్యార్థులను తీసుకోకూడదని 2022 నిబంధనల్లో ఉంది. ఒక్కొక్కరి కింద ఎంతమంది ఉండొచ్చో కూడా అందులోనే ఉంది: ప్రొఫెసర్‌కు 8, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4. కొత్తగా ల్యాబ్ పెట్టిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను చూసి పిల్లలు జంకుతారు గానీ, పని నేర్పే ఓపిక అలాంటి చోటే ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం.

ఆ తర్వాతది కాంప్రిహెన్సివ్ పరీక్ష. కొన్నిచోట్ల క్వాలిఫయింగ్ అంటారు. అందరూ భయపడేది దీనికే, పిల్లలకు ముందుగా ఎవరూ వివరంగా చెప్పనిదీ ఇదే. ఇందులో సిలబస్ అప్పజెప్పమని అడగరు. నలుగురైదుగురు అధ్యాపకుల ఎదుట, మీరు చేయబోయే పనేమిటి, ఈ ప్రశ్నకు ఈ పద్ధతే ఎందుకు, ఫలితం మీరు అనుకున్నట్టు రాకపోతే ఏం చేస్తారు అని అడుగుతారు. ‘తెలియదు’ అని చెప్పి, ‘ఇలా చేస్తే తెలుసుకోవచ్చు’ అని ఆలోచించి చూపించేవాళ్లు నెగ్గుతారు. గైడ్ పుస్తకాలు, నోట్సులు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్న మన పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. ఇది తెలివితక్కువతనం కాదు, అలవాటు లేకపోవడం. మొదటి సెమిస్టర్ నుంచే జర్నల్ క్లబ్బుల్లో నోరు విప్పి మాట్లాడితే అలవాటవుతుంది. మొదటిసారి తప్పినవాళ్లకు సాధారణంగా రెండో అవకాశం ఉంటుంది. ఎన్ని నెలల్లో, ఎన్నిసార్లు అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

రెండోసారీ కాకపోతే? ఇంటిగ్రేటెడ్ కోర్సుకున్న పెద్ద భరోసా ఇక్కడే తెలుస్తుంది. మంచి సంస్థల్లో కోర్సువర్క్, ప్రాజెక్టు పూర్తిచేసినవాళ్లు ఎమ్మెస్సీ లేదా ఎంఎస్ పట్టాతో బయటికి రావచ్చు. అది ఓడిపోయి వెనక్కి రావడమని ఊళ్లో ఎవరైనా అంటే పట్టించుకోనక్కర్లేదు. ఆ పట్టాతో ఉద్యోగానికి వెళ్లొచ్చు, నెట్ రాసి మరోచోట పీహెచ్‌డీలో చేరొచ్చు. ఈ మధ్య మరో మార్గం కూడా వచ్చింది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి అర్హులని 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఏడాది కలిసొస్తుందని దీనివైపు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక: నడుమ ఎమ్మెస్సీ పట్టా ఇచ్చే ఏర్పాటు లేనిచోట, ఆగిపోతే చేతిలో మిగిలేది డిగ్రీ ఒక్కటే. మన ఇళ్ల ఆర్థిక పరిస్థితికి ఆ ఏడాది ఆదా కన్నా నడుమ వచ్చే పట్టాయే ఎక్కువ విలువైనదని నేననుకుంటాను.

కాంప్రిహెన్సివ్ పరీక్ష గట్టెక్కాక ఆరు నెలలకోసారి పరిశోధక సలహా సంఘం ముందు నిలబడి, చేసిన పని చూపించాలి. పని బాగాలేదని సంఘం భావిస్తే కారణాలు రాసి, ఏం దిద్దుకోవాలో చెప్పాలి. దిద్దుకోకపోతేనే, కారణాలతో సహా రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయొచ్చు. అంటే గైడ్ ఒక్కరికి కోపం వచ్చినంత మాత్రాన ఎవరినీ పంపేయడం కుదరదు. ఈ రక్షణ పనిచేయాలంటే ప్రతి సమావేశం తర్వాత సంఘం ఏమన్నదో కాగితం మీద ఉండాలి. నోటిమాటగా ‘బాగానే ఉందమ్మా, కానివ్వు’ అన్నది రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అడగడం అమర్యాద అనుకుని మన పిల్లలు ఊరుకుంటారు. అడగడం వాళ్ల హక్కు.

బయోమెడికల్ పరిశోధనలో కాలాన్ని మింగేసేది ఇంకొకటుంది, అనుమతులు. ఒక విద్యార్థి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వచ్చే మధుమేహ రోగుల రక్త నమూనాల మీద పనిచేయాలనుకుంటున్నాడనుకుందాం. కర్నూలు వైద్య కళాశాల 1957 నుంచి ఉంది. ఆ ఆసుపత్రికి తెలంగాణ, కర్ణాటక పల్లెల నుంచి కూడా రోగులు వస్తారు, కాబట్టి ఆలోచన మంచిదే. కానీ ఒక్క చుక్క తీసుకోవాలన్నా సంస్థ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలి. అంటే ఆ పత్రం తెలుగులో, అవసరమైతే ఉర్దూలో, కన్నడలో రాయాలి. విశ్వవిద్యాలయం, ఆసుపత్రి వేరువేరు సంస్థలైతే రెండుచోట్లా అనుమతి అడగాల్సి రావచ్చు. ఎలుకల మీద ప్రయోగాలకు జంతు నైతిక సంఘం, జన్యువులు మార్చిన సూక్ష్మజీవులకు బయోసేఫ్టీ సంఘం వేరే ఉంటాయి. ఇవన్నీ వచ్చేసరికి నెలలు పడుతుంది, ఆ నెలలు కూడా రిజిస్ట్రేషన్ కాలంలోనే పోతాయి. కాబట్టి దరఖాస్తులు కాంప్రిహెన్సివ్ అయ్యేదాకా ఆపకుండా, అంశం ఖరారు కాగానే మొదలుపెట్టాలి.

కాలపరిమితి లెక్క ఇది. యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు ఇవ్వొచ్చు, మొత్తం ఎనిమిది దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు కలిపి పది వరకు అవకాశం ఉంది. ఇంటిగ్రేటెడ్ కోర్సులో ఈ లెక్క చేరిన రోజు నుంచా, పీహెచ్‌డీ దశ మొదలైన రోజు నుంచా అన్నది సంస్థను అడిగి రాతలో తీసుకోవాల్సిన మొదటి ప్రశ్న.

రిజిస్ట్రేషన్ కాలం, ఫెలోషిప్ కాలం ఒకటి కావు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత బయటి నిపుణుడు ఉన్న సంఘం పని చూసి తృప్తిపడితే ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000. రెండూ కలిపి ఐదేళ్లే. ఆరో ఏడు రిజిస్ట్రేషన్ ఉంటుంది, డబ్బు ఉండదు. థీసిస్ రాసే ఏడాదే చేతిలో డబ్బు లేని ఏడాది అవుతుంది. వాన మీద ఆధారపడిన వేరుశనగ సేద్యంతో బతికే ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి థీసిస్ సగంలో వదిలి ఉద్యోగంలో చేరే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుకే నాలుగో ఏడు చివరికల్లా ప్రయోగాలు ముగించేలా గైడ్‌తో ముందే మాట్లాడుకోవాలి.

అమ్మాయిల విషయంలో రెండు నిబంధనలు ఇంట్లో అందరికీ తెలియాలి. మొత్తం కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. పెళ్లయి ఊరు మారితే పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకెళ్లొచ్చు, పాత గైడ్‌కు, సంస్థకు దక్కాల్సిన పేరు ఇవ్వాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆ పరిశోధన మాతృసంస్థకు ఏదైనా నిధుల సంస్థ మంజూరు చేసిన ప్రాజెక్టులో భాగమైతే డేటా కదలదు. బయోమెడికల్ ల్యాబ్‌లలో ఎక్కువ పని అలాంటి ప్రాజెక్టుల డబ్బుతోనే సాగుతుంది. అందుకే ఈ వెసులుబాటును నమ్ముకుని పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే కష్టమవుతుంది. తన అంశం ఏ ప్రాజెక్టు కిందికి వస్తుందో అమ్మాయి ముందే కనుక్కోవాలి, ఇంట్లోవాళ్లు ఆమె చెప్పేది వినాలి.

ఇవి కాక సంస్థను బట్టి ప్రత్యేక నిబంధనలూ ఉంటాయి. హైదరాబాద్ సీసీఎంబీలో చేరేవాళ్లు 2011 చట్టంతో ఏర్పడిన ఏసీఎస్ఐఆర్ అకాడమీ కింద డాక్టరేట్ చేస్తారు. అక్కడ కోర్సువర్క్‌లో భాగంగా గ్రామీణ సమస్య మీద ఆరు నుంచి ఎనిమిది వారాలు పనిచేయాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెలు మన సీమలో ఉన్నాయి. మన పిల్లలు దీనికోసం దూరం వెతకనక్కర్లేదు.

చివరి దశ థీసిస్. ముందుగా కాపీ పరీక్ష. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పదిశాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి. అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. థీసిస్‌ను గైడ్‌తో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదువుతారు. ఇద్దరూ సరేనంటే వైవా. ఒకరు తిరస్కరిస్తే మరో పరీక్షకుడికి పంపుతారు. సమర్పించిన ఆరు నెలల్లో ఇదంతా ముగియాలి. పేపర్ అచ్చయితేనే థీసిస్ తీసుకోవాలన్న పాత షరతు 2022 నిబంధనల్లో లేదు, అయినా కొన్ని సంస్థలు సొంతంగా అడుగుతాయి.

పట్టా వచ్చిన థీసిస్‌లను శోధగంగ అనే జాతీయ భాండాగారంలో పెడతారు, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. చాలా థీసిస్‌ల వివరాల్లో రిజిస్టర్ అయిన సంవత్సరం, పట్టా వచ్చిన సంవత్సరం కూడా ఉంటాయి. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పాత విద్యార్థుల థీసిస్‌లు రెండు మూడు తెరిచి, ఆ రెండు సంవత్సరాల మధ్య ఎంత దూరముందో లెక్కవేసుకుంటే, ఆ ల్యాబ్‌లో మీకూ ఎన్నేళ్లు పట్టవచ్చో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.