లండన్ నగర రవాణా: రహదారి వినియోగం – మూల్యం

ప్రపంచంలో తొలి భూగర్భ రైలుమార్గం 1863 జనవరిలో లండన్‌లో పాడింగ్టన్, ఫారింగ్‌డన్‌ల మధ్య ప్రారంభమైంది. రహదారులపై గుర్రపు బండ్ల రద్దీని తగ్గించడం దాని ఉద్దేశం. రహదారి పరిమితమైనది, దానిని ఎవరు ఎంత వాడుకోవాలన్నది నేటికీ ఆ నగరం ముందున్న ప్రశ్న.

ప్రజా రవాణాలో 2003లో ప్రవేశపెట్టిన ఆయిస్టర్ కార్డుతో గాని, బ్యాంకు కార్డుతో గాని ప్రయాణిస్తే రోజువారీ ఛార్జీలకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. భూగర్భ రైలు ఛార్జీ మండలాలను బట్టి మారుతుంది. బస్సుకు దూరంతో నిమిత్తం లేదు. కనుక శివార్ల నుండి వచ్చే అల్పాదాయ శ్రామికులకు బస్సు చౌకైన మార్గం. 2014 నుండి బస్సులలో నగదు స్వీకరించడం లేదు.

నల్లరంగు టాక్సీలను వీధిలో చేయెత్తి ఆపవచ్చు. ఇతర అద్దె కార్లను ముందుగా బుక్ చేసుకోవాలి. నగరమంతటా టాక్సీ నడపాలంటే ‘నాలెడ్జ్’ పరీక్షలో ఉత్తీర్ణత తప్పనిసరి. ఛారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలోని సుమారు 25,000 వీధులను అభ్యర్థులు కంఠస్థం చేస్తారు.

సొంత కారుకు మాత్రం మూల్యం అధికం. 2003 ఫిబ్రవరి 17 నుండి నగర కేంద్రంలో రద్దీ రుసుము అమలులోకి వచ్చింది. తొలుత అది రోజుకు 5 పౌండ్లు. అధిక కాలుష్య వాహనాలపై విధించిన మరొక రుసుము 2023 ఆగస్టులో నగరమంతటికీ విస్తరించింది. స్వచ్ఛమైన గాలి అందరికీ మేలు చేసేదే. అయినప్పటికీ, బస్సులు తక్కువగా తిరిగే శివార్లలో పాత కారుపై ఆధారపడిన కుటుంబాలకు ఇది భారమన్న విమర్శ వచ్చింది. రుసుము న్యాయసమ్మతం కావాలంటే దానికంటే ముందే అక్కడికి బస్సు చేరాలి.