మనసు లెక్క తప్పితే...

జ్వరానికి థర్మామీటరు ఉంది. షుగరుకు రక్తపరీక్ష ఉంది. గుండెకు ఈసీజీ ఉంది. మరి మనసుకు జబ్బు చేస్తే దేనితో కొలవాలి? ఆ కొలబద్దను గణితంలో వెతుకుతున్నారు శాస్త్రవేత్తలు.

డిప్రెషన్‌తో బాధపడుతున్న మనిషిని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన మొదట అడిగేవి ప్రశ్నలే. నిద్ర పడుతోందా? ఆకలి వేస్తోందా? దేనిమీదా ఆసక్తి ఉండట్లేదా? ఎక్కువగా ఆ సమాధానాలను బట్టే జబ్బేమిటో తేల్చి మందు రాయాలి. అది పనిచేస్తుందో లేదో తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పనిచేయకపోతే ఇంకో మందు! అమెరికాలో దాదాపు 2,900 మందికి ముందుగా ఒకే మందు ఇచ్చి చూస్తే, సుమారు మూడోవంతు మందికే జబ్బు లక్షణాలు దాదాపు పూర్తిగా పోయాయని 2006లో తేలింది. మిగిలినవాళ్లకు మళ్లీ ఎదురుచూపులే. అన్నం ముట్టకుండా గదిలోంచి బయటికి రాని మనిషిని చూస్తూ ఇంటిల్లిపాదీ ఆ వారాలు ఎలా గడుపుతారో పడినవాళ్లకే తెలుసు.

ఆ తడుములాటను తగ్గించాలన్న ఆలోచన నుంచి వచ్చిందే ‘కంప్యుటేషనల్ సైకియాట్రీ’. మెదడు చేసే పనిని లెక్కల రూపంలో రాసి, ఎక్కడ తేడా వస్తోందో కంప్యూటర్ సాయంతో పట్టుకోవడమే దీని లక్ష్యం.

కోతులు నేర్పిన పాఠం

మెదడుకూ లెక్కలకూ సంబంధం ఏమిటంటారా? మెదడు క్షణక్షణం చేసేది అంచనాలు వేయడమే. వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం ఇస్తూ వాటి మెదడులోని డోపమైన్ కణాలను గమనించారు. మొదట్లో రసం నోట్లో పడగానే ఆ కణాలు చురుగ్గా స్పందించేవి. ముందు దీపం వెలిగించి తర్వాత రసం ఇవ్వడం అలవాటు చేశాక, దీపం వెలగ్గానే స్పందించడం మొదలుపెట్టాయి. తీరా రసం వచ్చేసరికి ఉలుకూ పలుకూ లేదు! దీపం వెలిగించి రసం ఇవ్వకపోతేనో... సరిగ్గా అది రావాల్సిన క్షణానికి చప్పబడిపోయాయి. అంటే ఆ కణాలు చెబుతున్నది రుచి గురించి కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడా గురించి.

విచిత్రమేమిటంటే, కంప్యూటర్లు తమంతట తాము నేర్చుకునేందుకు ఆండ్రూ బార్టో, రిచర్డ్ సటన్ అప్పటికే రూపొందించిన సూత్రం కూడా ఇలాంటిదే. షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి 1997లో ఆ రెండింటినీ ముడిపెట్టారు. మనసుని లెక్కలతో చదవడానికి అది గట్టి పునాది అయింది. షుల్ట్జ్, డయాన్‌లకు రే డోలన్‌తో కలిపి 2017లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. బార్టో, సటన్‌లను 2024 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు వరించింది.

సంతోషానికీ సూత్రం

లండన్‌లో రాబ్ రట్లెడ్జ్, డోలన్ బృందం 2014లో మరో అడుగు ముందుకేసింది. స్మార్ట్‌ఫోన్‌లో ఓ ఆట ఆడించి, మధ్యమధ్యలో ‘ఇప్పుడు ఎంత సంతోషంగా ఉన్నారు?’ అని అడిగింది. ఆడినవాళ్లు 18,420 మంది. వారి సంతోషం గెలుచుకున్నది ఎంతన్నదానికన్నా, ఆశించినదానికంటే మెరుగ్గా జరిగిందా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడింది. వెయ్యి రూపాయలు వస్తాయనుకున్న చోట ఐదొందలు వస్తే దిగులు. వందే అనుకున్న చోట రెండొందలు వస్తే పండగ! డిప్రెషన్‌లో ఈ లెక్క ఎక్కడ, ఎవరిలో, ఎలా మారుతోందన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న.

లేని శబ్దం వినిపిస్తే...

జేబులో ఫోన్ మోగకపోయినా మోగినట్టు చాలామందికి అనిపిస్తుంది. మోగుతుందని మెదడు ఎదురుచూడటమే దానికి కారణం. ఎవరో మాట్లాడుతున్నట్టు చెవిలో గొంతులు వినిపించడంలోనూ ఇలాంటి చిక్కే ఉండొచ్చంటున్నారు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. వాళ్లు ఓ బొమ్మ చూపిస్తూ, దాంతోపాటే ఓ శబ్దాన్ని పదే పదే వినిపించారు. తర్వాత బొమ్మ మాత్రమే చూపినా, అలా గొంతులు వినిపించేవాళ్లు శబ్దం విన్నామని మిగతావాళ్లకంటే చాలా ఎక్కువసార్లు చెప్పారు. చెవి చెప్పేదానికన్నా తన అంచనాకే మెదడు ఎక్కువ విలువిస్తోందన్నమాట. మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఆ అంచనాను మార్చుకోవడం మరీ కష్టమైంది. 2017లో వెలువడిన ఈ ఫలితాలను చూస్తే, గాలి సోకిందనో ఎవరో చేతబడి చేశారనో భయపడటంలో అర్థం లేదనిపిస్తుంది.

ముందే పసిగట్టే సంకేతం

ఇక చికిత్స సంగతి. ఏ మందుకూ లొంగని డిప్రెషన్‌తో ఏళ్ల తరబడి బాధపడుతున్న పదిమందికి అమెరికా వైద్యులు మెదడు లోతుల్లో సన్నని తీగలు అమర్చి, కొద్దిపాటి విద్యుత్తు అందించారు. ఆర్నెల్లకు తొమ్మిదిమంది బాగా కోలుకున్నారు. ఏడుగురిలో జబ్బు లక్షణాలు దాదాపు పోయాయి. కొందరి మెదడు నుంచి అందిన సంకేతాలను కృత్రిమ మేధతో విశ్లేషిస్తే, కోలుకుంటున్నారని తెలిపే గుర్తు ఒకటి దొరికింది. ఒకరికి జబ్బు తిరగబెట్టగా, అంతకు కొన్ని వారాల ముందే ఆ గుర్తు మారిపోయింది! హెలెన్ మేబెర్గ్, క్రిస్టఫర్ రోజెల్ బృందం 2023లో ప్రకటించిన ఈ ఫలితం కొత్త ఆశలు రేపింది. అయితే పదిమందితో చేసిన పరీక్షను అందరికీ వర్తించే వైద్యంగా మలచడానికి ఇంకా చాలా దూరం నడవాలి.

అందాకా చేయాల్సింది ఉన్న వైద్యాన్ని వాడుకోవడం. మనదేశంలో ప్రతి వందమంది పెద్దల్లో పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే తేల్చింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదనీ చెప్పింది. డబ్బు, దూరం ఒక కారణమైతే, నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం మరో కారణం. ‘గట్టిగా ఉండు, అదే పోతుంది’ అంటే షుగరు తగ్గదు కదా, ఇదీ అంతే. వైద్యుణ్ని అడక్కుండా మందులు ఆపేయడమూ మంచిది కాదు. ఎవరిని కలవాలో తెలియనివాళ్లు ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. పగలూ రాత్రీ ఎప్పుడైనా సరే, తెలుగులోనే మాట్లాడొచ్చు.