వార్తల్లో పదం: టెడ్

చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తూర్పు తీరానికి వస్తాయి. ఆ నెలల్లోనే కాకినాడ వైపు ఇసుక మీద వాటి కళేబరాలూ కనిపిస్తాయి. చూడలేం. వీటిలో చాలా చావులకు కారణం ట్రాల్ వల. తాబేలుకు మొప్పలుండవు, ఊపిరి కోసం పైకి రావాల్సిందే. నీటి అడుగున గంటల తరబడి లాగే వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతుంది.

దీనికి విరుగుడే టెడ్, అంటే టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్. వల చివరి సంచికి ముందు ఏటవాలుగా బిగించే ఊచల చట్రం ఇది. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు మాత్రం చట్రానికి తగిలి, అక్కడున్న మూతను తోసుకుని బయటపడుతుంది. ఎంత తేలికైన ఉపాయం! కానీ కొంత చేప కూడా ఆ దారినే పోతుందని బోటు వాళ్లు వెనకాడతారు. డీజిల్ ఖర్చుతో సతమతమయ్యే వాళ్ల భయం నిజమైనదే. ఆ నష్టాన్ని ప్రభుత్వమే పూడ్చాలి, ఒక్క జాలరి మీద వదిలేయడం న్యాయం కాదు.

టెడ్ వాడకం సరిగా లేదంటూ 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపేసింది. చెరువుల్లో పెంచిన రొయ్యలకు ఆ ఆంక్ష వర్తించదు.