వుహాన్‌లో చివరి రోజులు

విద్య కోసం చైనాకైనా వెళ్ళాలన్న మాట మన పెద్దల నోట వింటుంటాం. అది బలహీన ఉల్లేఖనమని హదీసు పండితులు తేల్చారు. అయినా వైద్యవిద్య కోసం మన పిల్లలెందరో అక్కడికి వెళ్ళారు.

2020 జనవరి 23న వుహాన్ నగరాన్ని దిగ్బంధించారు. సెలవులకు ఇంటికి రాని విద్యార్థులు హాస్టల్ గదుల్లోనే చిక్కుకున్నారు. ఫిబ్రవరి 1, 2 తేదీల్లో రెండు ఎయిరిండియా విమానాలు 647 మంది భారతీయుల్ని ఢిల్లీ చేర్చాయి. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి కాదు, మానేసర్, చావ్లా శిబిరాలకు. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్ళవద్దనీ, ఉన్న ఊరు విడిచి పారిపోవద్దనీ దైవప్రవక్త (స) బోధించారు. ఒకరి వల్ల మరొకరికి హాని కలగరాదన్నదే అందులోని పరమార్థం. ఆ శిబిరవాసం ఉద్దేశమూ అదే.

చైనా మళ్ళీ విద్యార్థి వీసాలిచ్చింది 2022 ఆగస్టులోనే. అందాకా ఆస్పత్రిలో నేర్వాల్సిన చదువు ఫోన్ తెరపై సాగింది. మోత్కూర్ వంటి ఊళ్ళలో పొలం అమ్మి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఫీజు ఒక్కటే కాదు, ఆపద వస్తే దారేదో కూడా ముందే విచారించుకోవాలి.