మెట్టనేలలో దోమ ఎక్కడ పుడుతుంది?

2024 డిసెంబరులో నెల్లూరు జిల్లా మర్రిపాడు మండలంలో ఒక బాలుడికి జికా వైరస్ సోకిందేమోనన్న అనుమానం పుట్టింది. రక్త నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి. వైద్య బృందాలు ఊళ్లో దిగి ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క తీశాయి. 1947లో ఆఫ్రికాలోని ఉగాండాలో, జికా అనే అడవిలో ఒక కోతి రక్తంలో మొదటిసారి కనిపించిన వైరస్ పేరు వెలిగొండల పక్కనున్న పల్లెల్లో రచ్చబండ మీద కూడా నలిగింది.

ఆ వార్త విన్నవాళ్లకు రావలసిన సందేహం ఒకటుంది. జికాను మోసేది దోమ. దోమలంటే ఎవరికైనా డెల్టా ఊళ్ల మురుగు కాలువలు, నిండిన వరిమళ్లు గుర్తొస్తాయి. మర్రిపాడు అలాంటి చోటు కాదు. ఉదయగిరి, దుత్తలూరు, వరికుంటపాడు, వింజమూరు, కలిగిరి, జలదంకి మండలాల్లోనూ చాలామటుకు మెట్టే. కాలువ నీళ్లు అందిన మేర వరి పండుతుంది. తక్కినచోట్ల పొగాకు, నిమ్మ, గొర్రెల మందలే బతుకుతెరువు. తాగునీటికే కటకటలాడే చోట దోమకు నీళ్లెక్కడివి?

నీళ్లు కరువైనందువల్లే దొరుకుతున్నాయి. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో, వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే వీధిలో, నీళ్లు వచ్చినప్పుడే పట్టి దాచుకుంటారు. ప్లాస్టిక్ డ్రమ్ములు, సిమెంటు తొట్లు, మిద్దె మీద మూత పగిలిన ట్యాంకు, గొడ్ల కొట్టం దగ్గర కుడితి తొట్టి, వానాకాలంలోనైతే పెరట్లో మూలనపడిన రోలు. జికానూ డెంగీనీ చికున్‌గున్యానూ మోసే ఏడిస్ దోమకు మురుగు అక్కర్లేదు. దానికి కావలసింది కదలకుండా ఉన్న మంచినీళ్లు. పదిమందికి సరిపడేలా నింపుకున్న డ్రమ్ము దానికి పురిటిల్లు.

అలాంటి డ్రమ్ము మూత తీసి పైనుంచి టార్చి వేస్తే, నీటి మీద తలకిందులుగా వేలాడుతున్న సన్నటి పురుగులు వెలుతురు తగలగానే మెలికలు తిరుగుతూ అడుక్కి జారిపోతాయి. అవే దోమ లార్వాలు. గుడ్డు పగిలినప్పటి నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం నుంచి పది రోజులు. వారానికొకసారి నీళ్లు పారబోయమని చెప్పడం, ప్రభుత్వం శుక్రవారాలను 'డ్రై డే'గా పెట్టడం ఈ లెక్క మీదనే.

అయితే పారబోయడంతో పని సగమే అయినట్టు. ఏడిస్ దోమ గుడ్లను నీళ్లలో కాకుండా, నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడ తడికి అంటించి పెడుతుంది. నల్లటి ఆవగింజకన్నా చిన్న చుక్కలవి. తొట్టి ఎండినా అవి చావవు. నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాకా అట్లాగే ఉండి, మళ్లీ నీళ్లు తగిలిన రోజున పగిలి పిల్లలవుతాయి. వేసవంతా బోర్లించిన తొట్టిని తొలకరికి నింపితే దోమలు పుట్టుకొచ్చేది అందుకే. కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడను అంచుదాకా గట్టిగా రుద్ది కడిగితేనే ఆ గుడ్లు ఊడతాయి. రోజూ వాడే నీళ్లు పారబోసుకోలేని ఇంట్లో పాత పంచెనో చీర ముక్కనో డ్రమ్ము మీద బిగించి తాడు కట్టినా చాలు. ఖరీదు లేని ఈ గుడ్డముక్క ఫాగింగ్ యంత్రం పొగకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పొగ ఆ పూటకు ఎగురుతున్న దోమలను చంపుతుంది, తొట్టిలోని లార్వా జోలికి పోదు.

ఈ దోమ దూరం ఎగరలేదు. పుట్టిన చోటినుంచి ఒకటి రెండు వందల మీటర్ల లోపే దాని తిరుగుడంతా. కాబట్టి కుట్టిన దోమ ఏ పక్క ఊరి చెరువు నుంచో వచ్చిందనుకోవడానికి లేదు. అది సొంత పెరట్లోనో పక్కింటి మిద్దె మీదో పుట్టినదే. ఒక్క ఇల్లు శుభ్రంగా ఉంటే సరిపోదు, వీధి వీధంతా కలవాల్సి వస్తుంది.

దోమ పుట్టుకతోనే వైరస్‌ను తెచ్చుకోవడం అరుదు. సాధారణంగా వైరస్ సోకిన మనిషిని కుట్టినప్పుడే అది దానికి ఎక్కుతుంది. ఆ తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు రోజులు దోమ ఒంట్లో పెరిగి, లాలాజలంలోకి చేరుతుంది. అక్కణ్నుంచి అది బతికినంతకాలం కుట్టినవాళ్లకల్లా అంటించగలదు. ఇక్కడ చాలా ఇళ్లలో ఒక ముఖ్యమైన పని తప్పిపోతోంది. డెంగీ వచ్చిన మనిషిని మొదటి వారం పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి, ఎందుకంటే ఏడిస్ కుట్టేది ఎక్కువగా పగటిపూటే. రోగికి తెర కడితే ఇంట్లో మిగతావాళ్లకు కాపుదల దొరుకుతుంది. ప్లేట్‌లెట్ల కోసం పరుగులు పెట్టే కుటుంబాలకు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

చెప్పవలసినది మరొకటుంది. జ్వరం, ఒళ్లునొప్పులు అనగానే నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం పల్లెల్లో అలవాటు. అది డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు రక్తస్రావానికి దారితీయవచ్చు. అనుమానం ఉన్నన్నాళ్లూ పారాసెటమాల్, బాగా నీళ్లు, ఓఆర్‌ఎస్, మజ్జిగ. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిపోతున్నప్పుడే అసలు గండం. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు.

చికున్‌గున్యా సంగతి ఈ ప్రాంతపు పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. దాదాపు మూడు దశాబ్దాలు దేశంలో పెద్దగా జాడలేని ఆ జ్వరం 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్లీ తలెత్తింది. మరుసటి ఏడాది దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. అనంతపురం, కడప పల్లెల్లో మంచం దిగలేక కూలికి పోలేని కుటుంబాలు నెలల తరబడి ఇబ్బంది పడ్డాయి. అవీ కరువు నేలలే.

నీళ్ల విషయంలో ఉదయగిరి సీమకు మరో పాత గాయం ఉంది. 1937లో మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది నెల్లూరు జిల్లాలోనే. పళ్లు గారపట్టి, నడుములు వంగి, ఊరు ఊరంతా ఒకే తీరుగా బాధపడుతుంటే అంటురోగమనే అనిపిస్తుంది. కానీ ఫ్లోరోసిస్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. అందరూ తాగే భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చేది అది. ఒక జబ్బు ఊళ్లో ఎందరికి ఉందన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఎలా వచ్చిందో కూడా వెతకాలి. ఫ్లోరైడ్‌ను మరగబెట్టి పోగొట్టలేం. కలరా, టైఫాయిడ్, విరేచనాల క్రిములు మరగబెడితే చస్తాయి. ఫిల్టరు నీళ్ల క్యాను కొని తెచ్చుకున్నా, చేతులు ముంచి గ్లాసుతో తోడుకుంటే ఆ క్రిములు మళ్లీ చేరతాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. తాగునీటిలో మురుగు కలవడానికి పైపులో ఒక్క చీలిక చాలు.

తాగునీటి రోగాన్ని పూర్తిగా తరిమేసిన కథ కూడా తెలుగునేలకు ఉంది. అదెందుకో బడిపిల్లలకు సరిగా చెప్పడం లేదు. నారికురుపు అని ఒక జబ్బు ఉండేది. కాలి మీద బొబ్బ లేచి పగిలి, అందులోంచి మూరకు మించిన పొడవున్న తెల్లటి దారంలాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని ఒక్కసారి లాగితే తెగి చీము పడుతుంది కనుక, చిన్న పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్తగా వారాల తరబడి తీసేవారు. మంట తట్టుకోలేక ఆ మనిషి దిగుడుబావిలో కాలు పెట్టగానే పురుగు వేలకొద్దీ పిల్లలను నీళ్లలోకి వదిలేది. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగేవి. ఆ నీళ్లు తాగినవాళ్లకు దాదాపు ఏడాది తర్వాత బొబ్బ లేచేది.

దీనికి టీకా లేదు, పురుగును చంపే మందూ లేదు. 1980లలో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో ఇది ఉండగా, దేశం చేసిన పని చాలా మామూలుగా కనిపిస్తుంది. దిగుడుబావుల మెట్లు మూయించారు, చేతిపంపులు వేశారు, నీటిపురుగులు చావడానికి నీళ్లలో మందు చల్లారు, ఇంటింటికీ వెళ్లి నీళ్లు వడకట్టుకునే సన్నగుడ్డ ఇచ్చి వాడకం నేర్పారు. బొబ్బ లేచిన మనిషిని బావిలో దిగవద్దని బతిమాలారు. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు తేలింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది. కోట్ల రూపాయల మందు కన్నా ముందు జబ్బు ఏ మలుపులో మనిషిని పట్టుకుంటుందో కనిపెట్టి అక్కడ అడ్డుకోవడం ఎంత పని చేస్తుందో ఇంతకన్నా మంచి రుజువు కనిపించదు. సొంత పల్లెల్లో సాధించిన ఈ విజయం కథగానైనా ప్రచారంలోకి రాకపోవడం బాధ కలిగించే విషయం.

గొర్రెలు, కోళ్లు, గట్ల మీది పొదలు ఉన్నచోట జబ్బులు ఇంకో వైపునుంచీ వస్తాయి. చిగ్గర్ అనే నల్లికన్నా చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కొన్నేళ్లుగా రాష్ట్రంలో పెరుగుతోంది. 2025 చివర్లో చిత్తూరు మొదలు విశాఖదాకా కేసులు బయటపడ్డాయి. తరచూ కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద ఉంటుంది గనుక రోగి చూసుకోడు, డాక్టరు బట్టలు తొలగించి వెతక్కపోతే ఆయనకూ కనిపించదు. మేకల వెంట, నిమ్మతోటల్లో తిరిగేవాళ్లకు వారం దాటినా తగ్గని జ్వరం ఉంటే ఈ పక్కు కోసం చూడాలి. డాక్సీసైక్లిన్ అనే చవక మాత్ర త్వరగా మొదలుపెడితే రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మందలో గొర్రె ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నోటి నుంచి నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, కావచ్చు. దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, పంచుకుని తినకూడదు. పశువైద్యుడికి చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఆంత్రాక్స్ క్రిమి మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం వల్లే మనుషులకు అది పలుమార్లు సోకింది. జీవం నష్టపోయిన కాపరికి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. కోళ్ల సంగతీ ఇంతే. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోతే నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు పోయి బర్డ్ ఫ్లూ అని తేలాయి. బాగా ఉడికిన మాంసం, గుడ్లతో భయం లేదు. పచ్చిమాంసం పిల్లల చేతికి అందనివ్వకపోవడం, కోసిన చేతుల్ని సబ్బుతో కడగడం ముఖ్యం.

గాలిలో వచ్చే రోగాలను ఆపడం వీటన్నిటికన్నా కష్టం. డ్రమ్ముకు గుడ్డ కట్టినట్టు ఊపిరికి కట్టలేం. ఒంటి మీద తట్టు లేస్తే అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్లను రానివ్వకుండా చూసుకోవడం ఈ పల్లెల పాత ఆచారం. అందులో మంచి ఉంది, రోగిని వేరుగా ఉంచడమంటే అదే. కానీ ఆసుపత్రికి తీసుకుపోకూడదన్న పట్టుదల ప్రాణం తీస్తుంది. తట్టు వచ్చిన పిల్లవాడి నుంచి, టీకా పడనివాళ్లు చుట్టూ ఉంటే, పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుంది. తొమ్మిది నెలలకు ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోది, ఈ రెండు డోసులూ పడితే అమ్మవారు ఆ ఇంటి వైపు రావడం బహు అరుదు.

2020 మార్చిలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన యువకుడికి. దూరదేశపు వైరస్ చేరడానికి ఒక ప్రయాణం చాలు. ఉదయగిరి వైపు నుంచి బతుకుతెరువు కోసం హైదరాబాద్, బెంగళూరు, చెన్నై పోయే కుటుంబాలు తక్కువేమీ లేవు. ఇరుకు గదుల్లో పదిమంది కలిసి పడుకునే ఆ బతుకులో కరోనాకన్నా పాత రోగం, క్షయ, ఎక్కువ పొంచి ఉంటుంది. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే గళ్ల పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మందులు సాధారణంగా ఆరు నెలలు. పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు చేశారు. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకూ పరీక్షలు, అవసరమైతే ముందస్తు మందులు ఇస్తారు. వైద్యం మధ్యలో పనికి ఊరు మారాల్సి వస్తే మందు ఆపాల్సిన పని లేదు. క్షయ రోగిగా మొదట నమోదైనప్పుడు ఇచ్చిన ని-క్షయ్ నంబరు చెబితే బెంగళూరులోనైనా చెన్నైలోనైనా ప్రభుత్వాసుపత్రి అవే మాత్రలు ఇస్తుంది. ఊరు వదిలే ముందు ఆ నంబరు ఆశా కార్యకర్త దగ్గర రాయించుకుని వెంట తీసుకెళ్లాలి.