ఒక ప్రశ్న – పెక్కు శాస్త్రములు

విద్య రెండు విధములుగా అబ్బును. గురువు ఎదుట కూర్చుండి, పాఠ్యక్రమము ననుసరించి నేర్చునది యొకటి. మనసునకు తోచిన ప్రశ్న వెంట నడచుచు, తనంత తాను నేర్చునది రెండవది. మొదటిదానికి పాఠశాల కలదు, పరీక్ష కలదు, పట్టము కలదు. రెండవదానికి ఇవి యేవియు లేవు. ఆసక్తి యొక్కటియే దానికి పెట్టుబడి. పూర్వము ఈ రెండవ మార్గమునకు గ్రంథాలయములు ఆధారముగా నుండెను. నేడు వానికి అంతర్జాలము తోడైనది. దానిని విద్యార్థి యెట్లు వాడుకొనవలెనో తెలిసికొందము.

నూరేండ్లకు పూర్వము ఇంగ్లీషు రాని తెలుగువానికి ఆధునిక శాస్త్రముల ద్వారములు చాలవరకు మూసియుండెను. ఆ లోటు తీర్చుటకై కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రము, ప్రకృతిశాస్త్రములు మొదలగు విషయములపై తెలుగున పుస్తకములు వెలువరించిరి. పిమ్మట సర్వశాస్త్రముల సారమును అకారాదిగా ఒక్కచోట కూర్చవలెనని ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడెను. అవి 'అ' అను అక్షరపు విషయములకే సరిపోయెను. కార్యము ముగియకమునుపే 1923లో ఆయన కీర్తిశేషులైరి.

ఒక జీవితకాలము చాలని అట్టి పనిని నేడు పెక్కుమంది కలిసి చేయుచున్నారు. 2001లో ఇంగ్లీషున వికీపీడియాయు, 2003లో వెన్న నాగార్జునగారి చొరవతో తెలుగు వికీపీడియాయు ఆరంభమైనవి. దానిని ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠములను లోకమునకు ఉచితముగా నిత్తునని 2001లో ప్రకటించెను. మన దేశమున ఐఐటీలును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు కలిసి ఎన్‌పీటెల్ అను పేర పాఠములను అందించుచున్నవి. కేంద్రప్రభుత్వము 2017లో 'స్వయం' అను వేదికను నెలకొల్పెను. తెలుగు పదములకు అర్థము వెదకువారికి ఆంధ్రభారతి యను చోట పెక్కు నిఘంటువులు లభించును. దూరపు కళాశాలకు పోలేని పేద విద్యార్థికి ఇది యెంత మేలో చెప్పనక్కరలేదు.

అయితే ఇన్ని శాస్త్రములలో దేనితో ఆరంభింపవలెను? కన్నుల ఎదుట నున్న వస్తువుతో ఆరంభింపవచ్చును. ఉదాహరణము చూడుడు. వాడపల్లి కోనసీమలో గౌతమీతీరమున నున్న గ్రామము. వేంకటేశ్వరస్వామి ఆలయముచే ప్రసిద్ధి కెక్కినది. ఆ మండలమునకు కేంద్రమైన ఆత్రేయపురము పూతరేకులకు పేరుపొందినది. వాడపల్లి బాలు డొకడు పూతరేకును చేతబట్టి, "ఇది కాగితముకంటె పలుచగా నెట్లు వచ్చెను?" అని ప్రశ్నించుకొనె ననుకొందము.

పలుచని బియ్యపు పిండిజావలో గుడ్డను ముంచి, బోర్లించిన వేడికుండపై ఒక్కసారి పరచి లాగుదురు. జావలోని పిండిపదార్థము వేడికి నీటిని పీల్చి, ఉబ్బి, జిగురగును. మిగిలిన నీరు క్షణములో ఆవిరియగును. ఎండిన పొర రేకై లేచివచ్చును. ఇచట రసాయనశాస్త్రమును, భౌతికశాస్త్రమును కలిసియున్నవి. ఈ సీమలో వరి యింత సమృద్ధిగా పండుట కేమి కారణము? ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ దొరగారి ఆధ్వర్యమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టిరి. కాలువలు పొలములకు నీరు తెచ్చెను. ఇది చరిత్రము. త్ర్యంబకము వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరమునకు దిగువ గౌతమీ వసిష్ఠలుగా చీలి, తెచ్చిన ఒండ్రును పరచుటచే ఈ నేల యేర్పడెను. ఇది భూగోళము. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. దానికి మూలము 1999 నాటి చట్టము. ఇది న్యాయశాస్త్రము. ఒక చిన్న ప్రశ్న ఇన్ని వాకిళ్లు తెరచినది!

ఈ మార్గమున మూడు ప్రమాదములు కలవు. అంతర్జాలమున సత్యముతో పాటు అసత్యమును కలదు. రెండును ఒకే వేషమున కనబడును. కావున ఒకచోట చదివినదానిని వేఱొకచోట సరిచూడవలెను. సాధ్యమైనచో మూలమునకే పోవలెను. భౌగోళిక సూచికను గూర్చి సందేహము కలిగినచో, చెన్నైలోని ఆ కార్యాలయపు నమోదే ప్రమాణము. 1931లో వాడపల్లి రథోత్సవమున గాంధీజీ చిత్రపటము విషయమై పోలీసులు కాల్పులు జరిపిరి. అట్టి సంఘటనను గూర్చి చదివినప్పుడు, ఊరి పెద్దలు తమ పెద్దలవలన విన్నమాటలను, ఆనాటి పత్రికలను, చరిత్ర గ్రంథములను పోల్చి చూడవలెను. పోల్చుట నేర్చినవానిని ఎవరును సులభముగా మోసగింపలేరు.

రెండవ ప్రమాదము దారితప్పుట. జ్ఞానమునకై చేతఫోను పట్టినవాడు వినోదములలో చిక్కి గంటలు పోగొట్టుకొనును. దీనికి మందు, ముందుగనే ప్రశ్నను కాగితముపై వ్రాసికొని, జవాబు దొరకినంతనే ఫోనును ప్రక్కన పెట్టుట. మూడవది, చూచినదే నేర్చితిననుకొనుట. గోదావరి యొడ్డున నిలిచి ఈత చూచినవాడు ఈతగాడు కాడు. విన్న పాఠమును సొంతమాటలలో వ్రాయవలెను. లెక్కను స్వయముగా చేయవలెను. తోడివానికి విప్పి చెప్పవలెను. చెప్పలేకపోయినచో ఇంకను తెలియలేదని యర్థము.

ఈ మార్గము పాఠశాలకు బదులు కాదు. గణితము వంటి శాస్త్రములకు మెట్టుపై మెట్టు కావలెను. ఆ మెట్లు పాఠశాల కట్టును. పొరపాటును వెంటనే చూపు గురువు తెరపై దొరకడు. పాఠశాల పునాది, స్వయంకృషి దానిపై లేచు మేడ.

బాలలారా! లక్ష్మణరావుగారు తలపెట్టిన విజ్ఞానసర్వస్వము నేటికిని పూర్తికాలేదు. అట్టివి ఎన్నటికిని పూర్తికావు. మీ ఊరి చెరువును, పంటను, చేతిపనిని గూర్చి మీరు చక్కగా తెలిసికొని, సరిచూచుకొని నాలుగు వాక్యములు వ్రాసినచో, తెలుగువారి జ్ఞానభాండారమున అంతమేర లోటు తీరును. తీసికొనుటయే కాదు, ఇచ్చుటయు విద్యార్థి ధర్మమే.