నీళ్ళు వదిలే కారు: బండి మంచిదే, మరి ఇబ్బంది ఎక్కడ?

"పొగ రాదు, వెనక నుంచి నీళ్ళే వస్తాయి, అయిదు నిమిషాల్లో ట్యాంక్ ఫుల్" అనే వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. 2022 మార్చిలో నితిన్ గడ్కరీ గారు పార్లమెంటుకి ఒక హైడ్రోజన్ కారులో వచ్చారు, గుర్తుందా? అది టొయోటా మిరాయ్. ఆ వీడియోల్లో చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే సగమే చెప్తారు. మిగతా సగం నేను ఈ రోజు చెప్తాను.

ముందు ఈ కారు ఎలా నడుస్తుందో చూద్దాం. చాలామంది ఇందులో హైడ్రోజన్ మండుతుంది అనుకుంటారు. మండదండీ. ట్యాంకులోని హైడ్రోజన్, బయటి గాలిలోని ఆక్సిజన్ ఫ్యూయల్ సెల్‌లో కలుస్తాయి. మధ్యలో ఒక పల్చటి పొర ఉంటుంది. అది ప్రోటాన్లని పోనిస్తుంది, ఎలక్ట్రాన్లని పోనివ్వదు. అవి వైరు గుండా చుట్టూ తిరిగి రావాలి. ఆ తిరగడమే కరెంటు. దాంతో మోటారు తిరుగుతుంది, చివరికి నీళ్ళు మిగులుతాయి. అంటే ఇది కూడా ఎలక్ట్రిక్ కారే, కాకపోతే కరెంటు బండిలోనే తయారవుతుంది.

లాభాలు నిజమే. కొత్త మిరాయ్‌లో 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది, దాంతో సుమారు 650 కిలోమీటర్లు వెళ్ళొచ్చు. ఛార్జింగ్ కోసం గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? బండిలో కాదు, బంకులో. ఇంకా చెప్పాలంటే బంకుకి ముందే.

పెట్రోలు కోసం ముడి చమురు భూమిలోంచి తోడతాం. హైడ్రోజన్ అలా కాదు, మనమే తయారు చేయాలి. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యేది ఎక్కువగా సహజవాయువు, బొగ్గు నుంచే. అక్కడ కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. అంటే కారు వెనక పొగ లేదు, ఫ్యాక్టరీలో ఉంది.

"సోలార్ కరెంటుతో నీళ్ళని విడగొడితే సరిపోతుంది కదా అన్నా?" అంటారు. సరే, లెక్క వేద్దాం. 100 యూనిట్ల కరెంటు తీసుకోండి. నీటిని విడగొట్టేటప్పుడే దాదాపు 30 యూనిట్లు పోతాయి. తర్వాత ఆ గ్యాస్‌ని 700 బార్ ఒత్తిడికి కుక్కాలి. మన కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి ఇది సుమారు 300 రెట్లు. అక్కడ కొంత పోతుంది. ఫ్యూయల్ సెల్‌లో మళ్ళీ సగం దాకా పోతుంది. చక్రానికి చేరేది సుమారు 30 యూనిట్లు. అదే కరెంటుని నేరుగా బ్యాటరీ కారులో పెడితే 70 పైనే చేరుతుంది. అంటే ఒకే సోలార్ ప్యానెల్‌తో బ్యాటరీ కారు రెట్టింపు దూరం వెళ్తుంది.

దీని ఫలితం కాలిఫోర్నియాలో కనిపిస్తుంది. అమెరికాలో ఈ కార్ల బంకులు దాదాపు అన్నీ అక్కడే. 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ అక్కడి తన కార్ల హైడ్రోజన్ బంకులు మూసేసింది. మిగిలిన చోట్ల కిలో ధర 36 డాలర్ల దాకా వెళ్ళింది. ట్యాంక్ ఫుల్ చేస్తే 200 డాలర్లు! కారుతో పాటు 15,000 డాలర్ల ఫ్యూయల్ కార్డు ఇచ్చింది ఊరికే కాదు. ఆ కార్డు అయిపోయాక సొంత జేబే గతి. అందుకే అక్కడ సెకండ్ హ్యాండ్ మిరాయ్‌లు బాగా చవకైపోయాయి. అక్కడ చదువుకుంటున్న మనవాళ్ళు ఎవరైనా ఆ రేటు చూసి మనసు పారేసుకుంటే, ముందు దగ్గర్లో బంకు ఉందో లేదో, అది రోజూ పనిచేస్తుందో లేదో కనుక్కోండి.

అయితే హైడ్రోజన్ దండగా? కాదు. ఎరువులకి, రిఫైనరీలకి అది ఎలాగూ కావాలి. ఉక్కు తయారీలో బొగ్గు బదులు వాడొచ్చు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారయ్యేదాన్ని ముందుగా ఇలాంటి పనులకి వాడితేనే లాభం ఎక్కువ అని నా అభిప్రాయం. బ్యాటరీతో హాయిగా నడిచే చిన్న కారులో పోయడం ఎందుకు?

కాబట్టి ఈసారి అలాంటి వీడియో వస్తే ఒక్క ప్రశ్న వేయండి: "ఆ హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చింది?" జవాబు అందులోనే ఉంటుంది.